ఏరుట – చదువుట
(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేయబడిన ప్రసంగము)



కలెక్టరు, ఎలెక్షను, లెక్చరు, నెగ్లెక్టు – ఈ నాలుగు మాటలను ఎరుగనివారు కొత్తూరులో నుండరు. ఇవి ఇంగ్లీషు మాటలనియు అందరికిని తెలియును. కాని నాలుగును ఒక్క తల్లి బిడ్డలని తెలిసినవారు తక్కువ. ఆ తల్లి, ప్రాచీన రోమనుల లాటిను భాషలోని ‘లెగెరె’ అను క్రియ.

దీని మొదటి యర్థము ‘ఏరుట’. రోమను రైతు ఆలివు కాయలను ఏరినను, పూలు కోసినను ఈ మాటయే వాడెడివాడు. పత్తిచేలలో మన స్త్రీలు చేయు పనియు నదియే. పిదప అక్షరములను కంటితో ఒక్కొక్కటిగా ఏరి కూర్చుకొనుటకును ఆ మాటయే చెల్లి, ‘చదువుట’ అను అర్థము స్థిరపడినది. ఇది రోమనుల వింత యూహ మాత్రమే కాదు. జర్మను భాషలో ‘లేజెన్’ అను క్రియకు నేటికిని ఏరుట, చదువుట అను రెండర్థములును గలవు. అంతదూరమేల? బడిలో చేరిన పిల్లవాడు వ్రేలు పెట్టి ‘కూడబలుకుకొని’ చదువుచున్నాడని మనము అనుచుందుము. అక్షరములను కూడదీసికొనుటయే గదా అది!

శిస్తు పోగుచేయువాడు కలెక్టరు. (నిజాము కాలమున ఈ సీమలో ఆ యధికారిని తాలూకుదారు అనెడివారు.) పెక్కురిలో నొకనిని ఏరుకొనుట ఎలెక్షను. చదివి వినిపించునది లెక్చరు. నెగ్లెక్టు త్రోవ వేరు. దానికి ముందు ‘కాదు’ అను అర్థమిచ్చు తునక చేరినది. అనగా ఏరకుండుట. దానికి కోపముగాని ద్వేషముగాని అక్కరలేదు. వంగి చేతికి తీసికొనకున్న చాలును.

తెలంగాణ కవులకు జరిగినదియు నదియే. ఇచ్చట కవులే లేరను మాట ఒకప్పుడు అచ్చులో వచ్చినది. 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన సురవరం ప్రతాపరెడ్డిగారు పాలమూరు జిల్లావారు. 2016లో జిల్లాల పునర్విభజన జరుగువరకు కొత్తూరును ఆ జిల్లాలోనిదే. వారు కవులను పద్యములు పంపుడని కోరి, వచ్చినవానిని ఏర్చి కూర్చి, 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించిరి. అందు 354 మంది కవులు గలరు! సంచిక రాకపూర్వమును వారు ఉన్నవారే, పద్యము చెప్పినవారే. ఏరినవారు లేకుండిరి, కనుక పొరుగు సీమలలో చదివినవారును లేకుండిరి.