కండల మందులు - ఎదుగు వయసు మెదడు

(పాఠశాల వార్షికోత్సవ సభలో మా సంఘము పక్షమున తల్లిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగము)

 

వార్షికోత్సవమున ప్రసంగమనగా మాతృభాషను గూర్చియో, పరీక్షా ఫలితములను గూర్చియో యుండునని మీరు తలంచియుందురు. ఈ యేడు మేము పిల్లల దేహబలమును గూర్చి మాటాడదలచితిమి. మన నిడుగల్లు దుర్గము నెక్కి దిగు బిడ్డకు వేరు వ్యాయామము కావలెనా? సంగటియు, ఉలవకట్టును, వేరుసెనగలును మన యింటనే యున్నవి. ఐనను పెద్ద చదువులకై మన బిడ్డలు తుమకూరునకో, బెంగుళూరునకో పోయినపుడు, కండలు త్వరగా వచ్చునని చెప్పి మాత్రయో, సూదిమందో చేతికిచ్చువారు తారసపడుట కలదు. వీనినే అనబాలిక్ స్టెరాయిడ్లందురు.

ఇవి పురుషత్వమును కలిగించు టెస్టోస్టిరాన్ అను హార్మోనును పోలిన మందులు. 1935లో శాస్త్రజ్ఞులు దానిని ప్రయోగశాలలో తయారుచేయగలిగిరి. యుక్తవయసు మిక్కిలి ఆలస్యమైన బాలురకు వైద్యులు దీనిని కొలతతో ఇత్తురు. అది తప్పు కాదు. ఇంకొక మాట. ఉబ్బసమునకు ఇచ్చు స్టెరాయిడ్లు వేరు జాతివి. మా మాట విని ఎవరును బిడ్డకు ఆ మందు మానిపింపవలదు.

కండలు పెరుగుట కంటికి కనబడును. మెదడులో జరుగునది కనబడదు. కోపమును, భయమును రేపు భాగములు కౌమారమున త్వరగా చురుకెక్కును. నుదుటి వెనుక నుండి "ఆగుము, ఆలోచింపుము" అని చెప్పు భాగము మాత్రము సుమారు 25 ఏండ్ల వరకు పక్వము కాదు. ఎద్దులు పరుగెత్తుచుండగా పగ్గము ఇంకను పేనుచునే యున్నట్టిది ఆ వయసు. అట్టి సమయమున బయటనుండి హార్మోనును కుమ్మరించిన నేమగును?

అమెరికాలో బోస్టన్ నగరమందలి నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయమున రిచర్డ్ మెల్లోనీ బృందము ఎలుక జాతికి చెందిన హామ్‌స్టర్లపై దీనిని పరిశోధించెను. కౌమారమున ఈ మందులు పొందినవి తోడి జంతువులపై మిక్కిలి దూకుడుగా పడెను. వాని మెదడులో దూకుడును ప్రేరేపించు వాసోప్రెస్సిన్ హెచ్చి, దానిని అణచు సెరటోనిన్ తగ్గెను. మందు ఆపిన వెంటనే ఆ గుణము పోలేదు.

జంతువులకు జరిగినదెల్ల మనుష్యులకు జరుగునని మేము చెప్పము. బాలురపై అట్టి ప్రయోగము చేయుట అధర్మము. 20 నుండి 50 ఏండ్ల లోపు పురుషులు 56 మందిపై హార్వర్డ్ వైద్యులు జరిపిన పరీక్ష 2000లో ప్రచురింపబడినది. పెక్కుమందిలో మార్పు స్వల్పము. కొద్దిమందికి మాత్రము ఉద్రేకము మితిమీరెను. ఎవరికి మీరునో ముందుగా చెప్పుటకు వీలులేదు. 2017లో నార్వేవారు బరువులెత్తువారి మెదళ్ళను చిత్రించిరి. ఈ మందులు చిరకాలము వాడిన 82 మందికి, వాడని 68 మందికంటె మెదడు పైపొర పలుచగా కనబడెను. అది మందువలననే యని ఆ యొక్క పరిశీలనతో తేల్చరాదు గాని, తేలికగా త్రోసివేయనూ రాదు.

ఇక మేము ముఖ్యముగా చెప్పవచ్చిన విషయము. బయటి హార్మోను వచ్చుచున్నంతకాలము దేహము తన హార్మోనును తయారుచేయుట మానుకొనును. మందు హఠాత్తుగా ఆగినపుడు కొన్ని వారములు, ఒక్కొక్కప్పుడు నెలల తరబడి, దేహమున ఆ లోటుండును. అప్పుడు నిరుత్సాహము, నిద్రలేమి, కొందరికి ప్రాణము తీసికొనవలెనను తలంపును కలుగును. తండ్రి సీసాను దిబ్బపై పారవేసి, నాలుగు దెబ్బలు వేసి, పీడ వదలినదనుకొనును. అసలు గండము ఆనాటినుండియే మొదలు కావచ్చును. కావున మందు మానిపింపవలసినదే, కాని వైద్యుని పర్యవేక్షణలో.

తల్లిదండ్రులకు తెలియనీయకుండ జరిగిన ఘోరమొకటి చరిత్రలో నున్నది. 1970, 80లలో తూర్పు జర్మనీ ప్రభుత్వము బాల క్రీడాకారిణులకు నీలిరంగు మాత్రలు మ్రింగించెను. అవి విటమిన్లని చెప్పిరి; నిజమునకు స్టెరాయిడ్లు. హైడీ క్రీగర్ అను బాలికకు 16 ఏండ్లకే ఇవి ఆరంభమైనవి. ఆమె 1986లో గుండు విసరుటలో ఐరోపా విజేత యయ్యెను. 2000లో బెర్లిన్ న్యాయస్థానము నాటి క్రీడాధిపతి మాన్‌ఫ్రెడ్ ఎవాల్డ్‌ను దోషిగా నిర్ణయించెను. పతకములు లెక్కించినవారికి ఆ పిల్లల గొంతులు మారుట వినబడకపోయెనా యని మాకు తోచును.

మన దేశమునకు వత్తము. 2010 ఆసియా క్రీడలలో బంగారు పతకము తెచ్చిన మహిళల 4×400 మీటర్ల రిలే జట్టులోని కొందరు 2011లో స్టెరాయిడ్ పరీక్షలో పట్టుబడిరి. శక్తికై తీసికొన్న జిన్సెంగ్ మందులో అది కలిసియున్నదని వారు చెప్పిరి. ఐనను నిషేధము తప్పలేదు. అంతటి వారికే డబ్బాలో నేమున్నదో తెలియనపుడు మన పిల్లలకేమి తెలియును?

ఇంట గమనింపవలసినవి కొన్ని. భుజములపైనను, వీపుపైనను దట్టముగా మొటిమలు, మగపిల్లలకు రొమ్ము వాపు, ఆడపిల్లలకు గొంతు బొంగురు, తెలియని ఖర్చు, మునుపు లేని కోపము. ఎముకల చివరలు ముందుగా మూసికొని ఎత్తు ఆగిపోవుటయు కలదు. కోపము నొక్కదానిని చూచి "వయసు పొగరు" అని వదలివేయుదుము. అది తక్కిన గుర్తులతో కలిసి వచ్చినపుడు మెల్లగా అడుగవలెను. అబద్ధము చెప్పినను రెండవమారు అడుగవలెను.

పిల్లవాడు మాటాడక మూలకు చేరినపుడు 14416 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. ఇది 2022లో కేంద్ర ప్రభుత్వము నెలకొల్పిన టెలిమానస్ అను ఉచిత సేవ. కన్నడమునను, తెలుగునను మాటాడవచ్చును. మన బిడ్డ తన దుఃఖమును ఏ భాషలో చెప్పుకొనగలడో ఆ భాషనే కోరుడు.