కంట గొంగళి నూగు

పెరటి మునగచెట్టు మ్రానుపై వానకాలమున గొంగళిపురుగులు గుంపులుగా చేరును. వాని నూగు కంట బడినచో, ఎంత మంట పుట్టినను కన్ను నులుమరాదని మేము శ్రోతలకు మరిమరి మనవి చేయుచున్నాము. ఆ నూగునకు ఒకవైపునకే వంగిన సన్నని ముండ్లుండును. నులిమినకొలది లోనికే దిగును గాని వెలికి రాదు. దాని చుట్టును బొడిపెలు కట్టుటచే 1904లో జర్మను నేత్రవైద్యుడు సేమిష్ ఈ వ్యాధికి 'ఆఫ్తాల్మియా నోడోజా' యని పేరిడెను.

మొదట కంటిని మంచినీటితో ధారగా కడుగవలెను. చనుబాలు, ఆకుపసరు పోయక, ఆనాడే నేత్రవైద్యునికి చూపవలెను. ఆయన సూక్ష్మదర్శినితో వెదకి నూగును ఏరివేయును. వాపునకు చుక్కలమందు నిచ్చును. దొరకక మిగిలినది, నెలలు గడచిన పిమ్మట లోపలి పొరలను చేరి చూపునకే చేటు తేవచ్చును. కావున మంట చల్లారినను, వైద్యుడు రమ్మన్న దినములలో మరల పోవుట మానరాదు.