చెరసాలలో చావు – ఇంటికి కబురు
(పఠనాలయ సభయందు చేసిన ప్రసంగపాఠము)



ఆదిలాబాదు సీమకు ఉరిత్రాటి కథ క్రొత్తది కాదు. నిర్మలలో 1860వ సంవత్సరమున రాంజీ గోండును, ఆయన అనుచరులను మఱ్ఱిచెట్టునకు ఉరితీసిరని ఈ ప్రాంతమువారు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. ఒక్క చెట్టున వేయిమంది యన్న లెక్కను చరిత్రకారులు విచారింతురు గాక. 'వేయి ఉరుల మఱ్ఱి' యను పేరు మాత్రము జనుల నోట నిలిచిపోయినది. 1940లో జోడేఘాటున కొమురం భీము పోలీసుల తుపాకికి బలియయ్యెను. ఈ రెండు చావులకు పాటలున్నవి, విగ్రహములున్నవి. మేము నేడు చెప్పబూనినది మూడవదానిని గూర్చి.

1975వ సంవత్సరము డిసెంబరు 1వ తేదీన ముషీరాబాదు జైలులో ఈ జిల్లాకు చెందిన ఇరువురు ఉరితీయబడిరి. వారు భూమయ్య, కిష్టాగౌడు. భూస్వామి హత్యానేరముపై వారికి మరణశిక్ష పడినది. వారు నక్సలైటు ఉద్యమమువారు. హత్యను హత్య యనుటకు మేము సంకోచింపము. చంపబడినవానికిని ఇల్లుండెను, ఆ ఇంటను ఏడ్పు వినబడెను. ఈ కథను చెప్పువారు రెండు గడపలలో ఒకదానిని మాత్రమే చూచుట మాకు సమ్మతము కాదు.

అయినను ఆ శిక్ష పడిన కాలమును గమనింపుడు. వారికి సెషన్సు తీర్పు చెప్పబడినది 1898 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడు అమలులో నున్నప్పుడు. 1973 నాటి క్రొత్త కోడు 1974 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చెను. మరణశిక్ష విధించు న్యాయాధిపతి అందులకు ప్రత్యేక కారణములను వ్రాయవలెనని ఆ క్రొత్త కోడు శాసించెను. అనగా చట్టమే ఉరిని మినహాయింపుగా మార్చుచున్న రోజులలో వీరు ఉరికొట్టులో దినములు లెక్కించుచుండిరి. దేశములోను విదేశములలోను అనేకులు క్షమాభిక్షకై విన్నవించిరి. న్యాయవాది కన్నబిరాను మొదలగువారు కోర్టు మెట్లెక్కిరి. మే నెలలో ఉరి తప్పినది. జూను 25న అత్యవసర పరిస్థితి వచ్చి పడినది. పత్రికలపై సెన్సారు కూర్చున్నది. రెండు దినములకే ప్రాణస్వేచ్ఛలకు సంబంధించిన హక్కుకై కోర్టుకు పోవు దారియు మూసివేయబడినది. డిసెంబరులో ఉరి జరిగినది.

సుప్రీముకోర్టు తీర్పు వారిరువురి పేరనే న్యాయగ్రంథములలో నున్నది. వ్రాసినది జస్టిసు కృష్ణయ్యరు. ఉరిశిక్షపై ఆయనకు గల ఏవగింపు జగద్విదితము. అట్టి ఆయనయే, క్షమాభిక్ష రాష్ట్రపతి చేతిలోనిది, మేము అందులో చేయి పెట్టజాలము అనవలసివచ్చెను. ఐనను ఎంతటి అధికారమైనను సద్బుద్ధితో వినియోగింపబడవలెనను మాటను ఆయన విడిచిపెట్టలేదు. ఆ సందు గుండనే పిమ్మటి తీర్పులు లోనికి నడచినవి. 1988లో కేహరుసింగు వ్యాజ్యము, 2006లో మన ఆంధ్రప్రదేశమునుండియే వెళ్లిన ఏపూరు సుధాకరు వ్యాజ్యము, క్షమాభిక్ష నిర్ణయమును సయితము కొన్ని హద్దులలో కోర్టు పరీక్షింపవచ్చునని తేల్చినవి. ఇది గాక, ఆంధ్రప్రదేశ్ హైకోర్టునుండి పోయిన జస్టిసు చిన్నపరెడ్డి 1983లో వైదీశ్వరను వ్యాజ్యమున, రెండేండ్లకు పైబడి ఉరినీడలో ఉంచిన ఖైదీకి ప్రాణము దక్కవలెననిరి. ఆ రెండేండ్ల గడువును తరువాతి తీర్పులు ఒప్పుకొనలేదు. ఆలస్యము లెక్కింపదగినదను మాట మాత్రము బ్రతికినది.

ఇదంతయు ఖైదీని గూర్చిన మాట. ఇంటివారి సంగతి యేమి? ఉరి యనునది ఒక్కని మెడకు పడునని మనము తలచెదము. ఏ జైలు, ఏ తేదీ, దేహము ఎవరికి, కర్మ ఎక్కడ, ఈ ప్రశ్నలు తల్లిని, భార్యను, బిడ్డను పట్టును. పల్లెనుండి నగరమునకు బస్సు చార్జీ అప్పు తెచ్చుకొనువారికి ముందుగా కబురు తెలియుటయే న్యాయములో సగము. 2013 ఫిబ్రవరి 9న తీహారు జైలులో అఫ్జలుగురును ఉరితీసిరి. ఆ వార్త చెప్పు ఉత్తరము కాశ్మీరములోని ఇంటికి రెండుదినములు గడచిన పిమ్మట చేరెను! నేరమెంత ఘోరమైనదైనను, ఆ ఉత్తరము అందుకొన్నవారు నేరము చేసినవారు కారు.

మఱుసటి యేడు, 2014 జనవరి 21న, శత్రుఘ్నచౌహాను వ్యాజ్యమున సుప్రీముకోర్టు పదునైదుగురు ఖైదీల ఉరిశిక్షలను యావజ్జీవముగా మార్చెను. దానితో బాటు కొన్ని కట్టుబాట్లను చేసెను. క్షమాభిక్ష తిరస్కృతియైన సంగతిని ఖైదీకిని, కుటుంబమునకును వ్రాతమూలకముగా తెలుపవలెను. ఆ కబురు అందిన దినమునకును, ఉరికిని నడుమ కనీసము 14 దినములు ఉండవలెను. కడసారి చూపునకు ఇంటివారిని జైలువారు పిలిపింపవలెను. ఎంత చిన్న మాటలు! భూమయ్య, కిష్టాగౌడు చనిపోయిన ముప్పదియెనిమిది సంవత్సరములకు గాని అవి కాగితముపైకి రాలేదు.

ముషీరాబాదు జైలు ఇప్పుడు లేదు. ఆ స్థలమున గాంధీ ఆసుపత్రి నిలిచియున్నది. అక్కడికి మన జిల్లావారు వైద్యమునకై నిత్యము పోవుచునే యున్నారు. తమ మంచము వేసిన చోటు ఒకప్పటి జైలు ఆవరణ యని ఎందరెఱుగుదురో!

నేరగాని ఇంట పుట్టితిమను సిగ్గుతో కొందరు, భయముతో కొందరు పాత కాగితములను చింపివేయుట మేము చూచియున్నాము. మీ ఇండ్లలో జైలునుండి వచ్చిన ఉత్తరము గాని, ములాఖాతు చీటీ గాని, కోర్టు నకలు గాని ఉన్నచో దయచేసి పారవేయకుడు. ఏ పక్షమునదైనను సరే, చంపినవాని ఇంటిదైనను, చచ్చినవాని ఇంటిదైనను. ఒక నకలు తీయించి ఈ పఠనాలయమునకు ఇండు. మూలము మీ పెట్టెలోనే భద్రముగా నుంచుకొనుడు.