గండిపేట గట్టు మీద ఒక పూట
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2025 కార్తీకమాసంలో మన సంఘం తరఫున గండిపేట వెళ్ళి వచ్చాం. రాలేకపోయిన వారి కోసం ఆ విశేషాలు పది నిమిషాల్లో చెప్పమని కార్యదర్శిగారి ఆదేశం. ఆదేశాలు పాటించడం నాకు సర్వీసంతా అలవాటే గాని, పది నిమిషాల్లో ముగించడం మాత్రం అలవాటు లేదు.

చైతన్యపురి నుంచి ఉదయం ఏడు గంటలకు రెండు మినీ బస్సుల్లో బయలుదేరాం. ముప్పై ఎనిమిది మందిమి. అందరి వయస్సులూ కలిపితే రెండు వేల ఏడు వందల ఏళ్ళ పైచిలుకని కోశాధికారిగారు దారిలోనే లెక్క కట్టేశారు. పులిహోర, గారెలు, దద్ధ్యోజనం, ఫ్లాస్కుల నిండా టీ. బీపీ మాత్రలు ఇంట్లో మరిచిపోయిన వారు నలుగురు; తెచ్చుకున్నవారు వారికి అప్పు ఇచ్చారు.

చెరువు నిండుగా ఉంది. గట్టు మీద నిలబడితే అవతలి ఒడ్డు ఆనదు. నీటి మీదుగా వచ్చే గాలికి మా జేబురుమాళ్ళు ఎగిరిపోయాయి. మోకాళ్ళ నొప్పులతో ఇంట్లో గడప దాటని ఒక పెద్దాయన అక్కడ చేతికర్ర పట్టుకుని ఒక్కరే చాలా దూరం నడిచి వెళ్ళారు. వెనక్కి పిలవడానికి ఎవరికీ మనసొప్పలేదు.

ఇది దేవుడిచ్చిన సరస్సు కాదు, మనుషులు కట్టుకున్నది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది చనిపోయారు. నేటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికారు. ఆ తరువాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. (ఆయన ఇంటిపేరు మన గిద్దలూరు దగ్గరి ఊరిదే.) నగరానికి ఎగువనే వరదను ఆపాలని ఆయన సలహా. అలా మూసీ మీద ఉస్మాన్ సాగర్, అంటే మన గండిపేట, 1920లో పూర్తయింది. ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో వచ్చింది. గండిపేట నీరు మోటార్లతో పనిలేకుండా వాలు మీదనే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్లకు చేరేది. ఆ నీళ్ళు తాగినవాడు హైదరాబాదు విడిచి పోలేడని సామెత. మనలో చాలామంది సంగతి అదే కదా!

భోజనాలయ్యాక ఒక సభ్యురాలు అడిగిన ప్రశ్న మమ్మల్నందరినీ కాసేపు మాట్లాడనివ్వలేదు. 2025 సెప్టెంబరు 26 రాత్రి ఈ రెండు జలాశయాల గేట్లు ఎత్తాక మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్ స్టేషన్లోకి నీళ్ళు వచ్చాయి, మూసారాంబాగ్ వంతెన మునిగింది. ఆ నది మన చైతన్యపురి పక్కగానే నాగోలు వైపు పోతుంది. ఒడ్డుకు దగ్గర్లో ఉండే ఆవిడ ఆ రాత్రంతా పెన్షను పుస్తకం, ఇంటి కాగితాలు సంచిలో పెట్టుకుని మేడ మీద కూర్చున్నారట. "వరద ఆపడానికి కట్టిన చెరువేగా, మరి మా మీదికెందుకు వదిలారండీ?" అన్నారు.

నాకు తెలిసినంతలో చెప్పాను. చెరువు కడవలాంటిది. ముందే నిండి ఉంటే పైన పడ్డ చుక్క కిందికే పోతుంది. ఉస్మాన్ సాగర్ నిండు మట్టం 1790 అడుగులు. వరద పట్టాలంటే అందులో కొంత చోటు ఖాళీగా ఉండాలి. చూడవచ్చిన మనకేమో చెరువు నిండుగా ఉంటేనే అందం! పైగా ఎగువన పొలాలు ఉన్నప్పుడు వాన సగం నేలలోకి ఇంకేది, సిమెంటు పరిస్తే అంతా ఒక్కసారిగా పరుగెత్తి వస్తుంది.

గుమాస్తాగా పనిచేసినవాణ్ణి కనుక జీవో నంబర్లు చెప్పకపోతే నిద్రపట్టదు. 1996 మార్చి 8 నాటి జీవో 111 ఈ జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో, భారీ కట్టడాలను ఆంక్షల్లో పెట్టింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69 ఆ ఆంక్షలను సడలించింది. కృష్ణా, గోదావరి నీళ్ళు వస్తున్నందున నగరం తాగునీటికి వీటి మీద పెద్దగా ఆధారపడటం లేదన్నది కారణం. ఫైలు మీద ఆ నోటు నా బల్లకు వచ్చి ఉంటే, "తాగునీటి సంగతి సరే, వరద సంగతి?" అని మార్జిన్లో రాసి పైకి పంపేవాణ్ణి. ఆ గ్రామాల రైతులు భూమికి ధర రాక ఇరవై ఆరేళ్ళు నష్టపోయారన్నదీ నిజమే. వారికి పరిహారం వేరే దారిలో ఇవ్వవచ్చునని నా అభిప్రాయం. కాదనేవారు ఈ సభలోనే ఉన్నారు, బస్సులో గట్టిగానే వాదించారు.

సాయంత్రం నాలుగింటికి విస్తళ్ళు, కాగితాలు ఏరి బస్సులో వేసుకుని బయలుదేరాం. పెద్దాయన నడక నుంచి క్షేమంగా వచ్చారు, గారెలు మాత్రం ఆయనకు మిగల్లేదు.

వచ్చే యాత్ర హిమాయత్ సాగర్‌కు. మూసీ ఒడ్డు కాలనీల సభ్యులు తప్పక రావాలని, గేట్లు ఎత్తేముందు హెచ్చరిక ఎన్ని గంటల ముందు అందుతుందో అక్కడి అధికారులను అడుగుదామని ఆ సభ్యురాలి ప్రతిపాదన. నేను బలపరుస్తున్నాను. పేర్లు కోశాధికారిగారి వద్ద నమోదు చేయించుకోగలరు. మాత్రలు ఎవరివి వారే తెచ్చుకోవాలి.

సెలవు.