పిగిలిపిట్ట చుట్టములు



ఉప్పలు, నాచారము నేడు పట్టణమున కలిసిపోయినను, అచ్చటి వేపచెట్లపై పిగిలిపిట్ట కూయుచునే యున్నది. తలపై నల్లని కుచ్చును, తోక క్రింద ఎఱ్ఱని మచ్చయు గల ఈ పిట్టను మీ రెఱుగుదురు. స్వీడను దేశపు పండితుడు లిన్నేయసు 1766లో దీనికి శాస్త్రనామ మిడుచు, ఇది ఆఫ్రికా దక్షిణాగ్రమునకు చెందిన దని పొరబడెను. ఆ తప్పు పేరే నేటికిని నిలిచియున్నది.

నిజముగా ఆఫ్రికా అడవులకు చెందినవై, కొంతకాలము పిగిలిపిట్టకు చుట్టములుగా చెలామణి యైన పాటపిట్టలు వేఱుగా గలవు. వీనిని నికేటరు లందురు. ఇవి మూడే జాతులు. సెనెగలు నుండి యుగాండా వఱకు ఒకటి, సోమాలియా నుండి దక్షిణాఫ్రికా వఱకు తూర్పుభాగమున ఒకటి, కామెరూను, కాంగో అడవులలో పసుపు గొంతుది ఒకటి. మేను ఆకుపచ్చన, ఱెక్కలపై పసుపు చుక్కలు. ఆకుల నడుమ దాగియుండుటచే వీని పాట విన్నవారే కాని, పిట్టను చూచినవారు తక్కువ.

ముక్కు బలిసి కొన వంగియుండుటచే, పూర్వులు వీనిని పురుగులను ముండ్లకు గ్రుచ్చి తిను పిట్టల కుటుంబమున చేర్చిరి. తరువాతివారు పిగిలిపిట్టలలో చేర్చిరి. ఈ శతాబ్దిలో, తల్లిదండ్రులనుండి బిడ్డలకు సంక్రమించు డి.ఎన్.ఎ. యను కణలిపిని పోల్చి చూడగా, రెండును సరికావని తేలి, నికేటరులకు ప్రత్యేక కుటుంబ మేర్పడినది. అట్టి కణలిపిని చదువు పరిశోధనాలయ మొకటి మన ఉప్పలు రహదారి ప్రక్కనే, హబ్సిగూడలో గలదు. అదియే సి.సి.ఎం.బి.

కొమ్ములు గలది యావు అన్నచో ఆ మాట గేదెకును చెల్లును. తర్కశాస్త్రమున దీనిని అతివ్యాప్తి దోషమందురు. గంగడోలు గలది యావు అనవలెను. నికేటరు విషయమున వంకరముక్కు కొమ్ముల వంటిది.

నేను పాఠము చెప్పుచున్న కాలమున ఒక బాలుడు లేచి, "అయ్యా! ముక్కు తిండికి తగినట్లు ఏర్పడును గదా. వంకరముక్కు గలవన్నియు ఒక వంశమే యగునా?" అని యడిగెను. "పుస్తకములో నున్నది చదువు" మని గద్దించి కూర్చుండబెట్టితిని. ఆతడు మఱెన్నడును నన్ను ప్రశ్నింపలేదు. తర్కము చదివిన నాకు తోచని దోషము ఆ పసివానికి తోచినది.

నికేటరుల స్థానము రెండు మాఱులు మాఱినను శాస్త్రమునకు చిన్నతనము రాలేదు. ఆనాడు "ఎఱుగను, విచారింతము" అని యుండినచో నాకును వచ్చియుండెడిది కాదు. మీ మనుమ లట్లడిగిననాడు నావలె చేయకుడు.

సెలవు.