అదృశ్యమైన మనిషి, మన సాక్ష్యం

  



ఒక మనిషి కనబడకుండా పోతే తెలుగు పత్రికలు 'అదృశ్యం' అని రాస్తాయి. ఉర్దూ పత్రికలు 'లాపతా' అంటాయి, అంటే పతా లేని మనిషి, ఆచూకీ లేని మనిషి. మదర్సాలో మేము చదువుకున్న ఫిఖహ్ గ్రంథాలలో ఆ మనిషి పేరు 'మఫ్ఖూద్'. అతని కోసం ఆ గ్రంథాలలో ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. మరణించాడని రుజువయ్యేంత వరకు, లేక ఖాజీ తీర్పు చెప్పేంత వరకు, మఫ్ఖూద్ తన ఆస్తి విషయంలో జీవించి ఉన్నవాడిగానే పరిగణించబడతాడు. వారసులు దానిని పంచుకోరాదు. అది అమానత్‌గా కాపాడబడాలి. షరీఅత్ ఒక మనిషిని అంత సులభంగా వదులుకోదు. మరి మనం ఎంత త్వరగా వదులుకుంటున్నామో ఈ రోజు ఆలోచించవలసి ఉంది.

2019 నవంబరు 24న, ఒకనాటి ఉమ్మడి ఆదిలాబాద్‌లో భాగమైన నేటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా, లింగాపూర్ మండలం, ఎల్లాపటార్ ప్రాంతంలో ఒక స్త్రీ కనబడకుండా పోయింది. ఆమె దళిత కుటుంబానికి చెందిన పేదరాలు, పిల్లల తల్లి. ఊరూరా తిరిగి చిన్న చిన్న వస్తువులు అమ్ముకుని బతికే మనిషి. ఉదయం ఆమెను ఊరి వద్ద దింపి, తన వ్యాపారానికి మరో ఊరికి వెళ్ళిన భర్త తిరిగి వచ్చి చూస్తే ఆమె లేదు. వెదికాడు, దొరకలేదు. మరుసటి రోజు పొదలలో ఆమె మృతదేహం లభించింది. ఆమెపై సామూహిక అత్యాచారం జరిపి చంపినట్లు తేలింది. చట్టం ప్రకారం అటువంటి బాధితురాలి అసలు పేరు వెల్లడించరాదు గనుక పోలీసులు ఆమెకు 'సమత' అని పేరు పెట్టారు. మనమూ ఆ పేరుతోనే స్మరిద్దాం.

కొద్ది రోజులలోనే ముగ్గురు పట్టుబడ్డారు. వారి పేర్లు మన పేర్లవంటివే. ఆ ముగ్గురి పేర్ల ముందు ఉన్నది 'షేక్' అన్న మాటే.

సోదరులారా, ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవలసి ఉంది. ఆ వార్త వచ్చిన శుక్రవారం మేము ఇదే మెట్టుపై నిలబడి నమాజు ప్రాశస్త్యం గురించి ప్రసంగించాము. నమాజు ప్రాశస్త్యం ఎన్నడైనా చెప్పదగినదే, అందులో సందేహం లేదు. కానీ ఆ రోజు మేము దానిని ఎంచుకున్నది మరొకటి చెప్పకుండా ఉండటానికి. ఖుత్బాకు ముందు ఒక పెద్దమనిషి మా దగ్గరికి వచ్చి, "మౌలానా, ఈ విషయం ఎత్తకండి, పేర్లు మనవాళ్ళవి, బయట వాతావరణం బాగోలేదు" అని అన్నారు. మేము తలూపాము. ఆ తలూపడం మమ్మల్ని ఇన్నేళ్ళుగా వెంటాడుతూనే ఉంది. వాతావరణం బాగోలేదన్న మాట అబద్ధం కాదు. అయినా సూరహ్ నిసాలోని 135వ ఆయత్‌లో అల్లాహ్ విశ్వాసులను న్యాయం కోసం నిలబడమనీ, ఆ సాక్ష్యం తమకు, తమ తల్లిదండ్రులకు, బంధువులకు ప్రతికూలంగా ఉన్నా సరే దాన్నుండి తొలగవద్దనీ ఆజ్ఞాపించాడు. వాతావరణం బాగున్నప్పుడు మాత్రమే అన్న షరతు అందులో లేదు.

అదే సూరహ్‌లో మరికొంత ముందు, 105వ ఆయత్ నుండి, ఒక దొంగతనం ప్రస్తావన వస్తుంది. తఫ్సీర్‌కారులు వివరించిన ప్రకారం, మదీనాలో ముస్లింగా చెలామణి అవుతున్న ఒక వ్యక్తి కవచం దొంగిలించి, నేరాన్ని ఒక యూదునిపైకి నెట్టాడు. అతని వంశీయులు 'మనవాడు' అంటూ గుంపుగా వచ్చి వాదించారు. ఆకాశం నుండి వహీ దిగి ఆ యూదుణ్ణి నిర్దోషిగా నిలబెట్టింది, ద్రోహుల పక్షాన వాదించవద్దని హెచ్చరించింది. ఆ రోజులలో మదీనాలో ముస్లిముల పరిస్థితి ఏమంత సుఖంగా లేదని, చుట్టూ శత్రువులు ఉండేవారని గుర్తుంచుకోండి. అయినా అల్లాహ్ ఆ విషయాన్ని కప్పిపుచ్చలేదు.

ఇక రెండవ వైపు చూద్దాం. సమత కనబడకుండా పోయిన మూడు రోజులకే, నవంబరు 27 రాత్రి, శంషాబాద్ సమీపంలోని తొండుపల్లి టోల్‌ప్లాజా వద్ద ఒక పశువైద్యురాలు అదృశ్యమైంది. ఆమెను 'దిశ' అని పిలిచారు. కుటుంబీకులు ఆ రాత్రే పోలీసు ఠాణాకు వెళ్తే ఇది మా పరిధి కాదు, ఆ ఠాణాకు వెళ్ళండి అని తిప్పారు. తర్వాత ముగ్గురు పోలీసు సిబ్బంది సస్పెండయ్యారు. మరునాడు ఉదయం షాద్‌నగర్ సమీపంలోని చటాన్‌పల్లి వద్ద ఆమె దేహం కాలిపోయి కనిపించింది. నిందితులు నలుగురు. వారిలో ఒకని పేరు మాత్రమే ముస్లిం పేరు. అయితే ఫోన్లలో తిరిగిన సందేశాలలో చాలామటుకు ఆ ఒక్క పేరే కనిపించింది, మిగిలిన మూడు పేర్లు మాయమయ్యాయి. ఆ అన్యాయం మనలను బాధించింది. న్యాయమే. కాని ఆ బాధ మనకు తెలిసినప్పుడు, సమత విషయంలో మూడు పేర్లనూ మింగి మౌనం వహించిన మన నోటి సంగతేమిటి?

డిసెంబరు 6 తెల్లవారుజామున దిశ కేసు నిందితులు నలుగురూ పోలీసు కాల్పులలో చనిపోయారు. రోడ్లపై పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. మన వీధులలోనూ పంచారు, దాచుకోనవసరం లేదు. ఆ తర్వాత సుప్రీంకోర్టు, విశ్రాంత న్యాయమూర్తి వి.ఎస్.సిర్పూర్కర్ నేతృత్వాన ఒక కమిషన్‌ను నియమించింది. 2022లో బహిర్గతమైన దాని నివేదిక, వారిని చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, వారిలో ముగ్గురు మైనర్లని నిర్ధారించింది. ఏ రుజువూ న్యాయస్థానంలో పరీక్షకు నిలవకముందే ప్రాణాలు పోయాయి. దిశకు ఏం జరిగిందో, ఎవరు ఏమేరకు చేశారో న్యాయస్థానం ముందు తేలే మార్గం ఆ ఉదయమే మూసుకుపోయింది.

ఆ రోజులలో సమతకూ 'అదే న్యాయం' కావాలని మన జిల్లాలలో ర్యాలీలు జరిగాయి. ఆ ఆక్రోశంలో ఒక నిజమైన బాధ ఉంది: నగరంలోని చదువుకున్న ఆడపడుచు కోసం దేశమంతా లేచింది, అడవి అంచున వస్తువులు అమ్ముకునే దళిత స్త్రీ కోసం ఎవరు లేచారు? ఈ ప్రశ్న ధర్మమైనది. అడిగిన కోరిక మాత్రం ధర్మమైనది కాదు.

ఇక్కడ ఒక హదీసును కాస్త నిదానంగా విందాం. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్నది. కరువు బాధతో ఇద్దరు అన్సారీలు, అబ్దుల్లాహ్ బిన్ సహ్ల్, ముహయ్యిసా బిన్ మస్ఊద్, ఖైబర్ వెళ్ళారు. అక్కడ ఖర్జూర తోటలలో ఇద్దరూ విడిపోయారు. తర్వాత ముహయ్యిసా వెదికి చూస్తే అబ్దుల్లాహ్ హత్యకు గురై పడి ఉన్నారు. ఉన్నది యూదుల గ్రామం, వారితో పాత వైరం. ఇక అనుమానం ఎవరి మీదికి పోతుందో వేరే చెప్పాలా? ఖననం చేసి, మదీనాకు వచ్చి, దైవప్రవక్త (స) సన్నిధిలో విషయం విన్నవించారు. హతుని సోదరుడు అబ్దుర్రహ్మాన్ వయసులో చిన్నవాడు. దుఃఖంతో ముందుగా మాట్లాడబోతే, పెద్దవారిని మాట్లాడనివ్వమని ప్రవక్త (స) సూచించారు. ఎంత దుఃఖంలోనైనా విచారణకు ఒక క్రమం ఉండాలన్నమాట.

యాభై ప్రమాణాలు చేసి హంతకుణ్ణి చూపగలరా అని అడిగారు. మేము కళ్ళారా చూడలేదు, ఎలా ప్రమాణం చేస్తాము అన్నారు వారు. ఆ మాటను గమనించండి. సోదరుడు చనిపోయాడు, శత్రువు ఎదుట ఉన్నాడు, ప్రవక్త (స) స్వయంగా అడుగుతున్నారు, అయినా 'చూడలేదు' అన్నారు. ఈ రోజున ఫోనులో వచ్చిన ముప్పై సెకన్ల వీడియో చూసి మనం యాభై కాదు, ఐదు వందల ప్రమాణాలు చేస్తున్నాము! అయితే యూదులు ప్రమాణం చేసి విముక్తులవుతారు అన్నారు ప్రవక్త (స). అవిశ్వాసుల ప్రమాణాన్ని ఎలా స్వీకరించగలం అన్నారు వీరు. అప్పుడు ఆయన ఏం చేశారు? సాక్ష్యం లేకుండా ఖైబర్ వాసులను దండించలేదు. అలాగని హతుని రక్తాన్ని వృథాగా పోనివ్వలేదు. తామే నూరు ఒంటెలను రక్తపరిహారంగా ఇప్పించారు. ఈ ఉల్లేఖనం చెప్పిన హజ్రత్ సహ్ల్ (రజి), ఆ ఒంటెలలో ఒకటి తనను తన్నిందని కూడా గుర్తు చేసుకున్నారు. అంత కళ్ళకు కట్టినట్టు నిలిచిపోయిన సంఘటన అది.

సమత కేసులో న్యాయం ఈ దారినే నడిచింది. 2019 డిసెంబరులో ఆదిలాబాద్‌లో ప్రత్యేక న్యాయస్థానం ఏర్పాటైంది. స్థానిక న్యాయవాదులు నిందితుల తరఫున వాదించబోమన్నారు. న్యాయస్థానమే వారికి ఒక న్యాయవాదిని నియమించింది. 'ఇటువంటివారికి వకీలు ఎందుకు?' అని మా జమాఅత్‌లో ఒక యువకుడు అడిగాడు. హజ్రత్ అలీ (రజి)ను యమన్‌కు ఖాజీగా పంపేటప్పుడు, రెండవ పక్షం మాట వినకుండా తీర్పు ఇవ్వవద్దని ప్రవక్త (స) ఉపదేశించినట్లు అబూ దావూద్‌లో ఉందని అతనికి చెప్పాము. సాక్షుల విచారణ జరిగింది. వాదన, ప్రతివాదన జరిగాయి. 2020 జనవరి 30న ముగ్గురికీ మరణశిక్ష విధిస్తూ తీర్పు వెలువడింది. ఘటన జరిగి రెండు నెలలు దాటి కొన్ని రోజులే. త్వరితంగా న్యాయం కావాలంటే తుపాకీ తప్ప మార్గం లేదన్నవారికి ఆదిలాబాద్ ఇచ్చిన జవాబు అది.

తల్లులారా, చెల్లెళ్ళారా, మీతో ఒక మాట. ఆడపిల్ల ఇల్లు చేరకపోతే మన గడపల్లో మొదట వచ్చే మాట ఏమిటో మీకు తెలుసు. 'ఎవడితోనో వెళ్ళి ఉంటుంది' అంటారు. పరువు పోతుందని రెండు రోజులు ఎవరికీ చెప్పరు. విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి) ఒక ప్రయాణంలో పోయిన హారాన్ని వెదుకుతూ దండుకు వెనుకబడిపోయారు. ఒక్క రాత్రి, ఒక్క పగటిపూట మాత్రమే. దాని మీద మదీనాలో దాదాపు నెల రోజులు నాలుకలు ఆడాయి. మునాఫిఖుల నాలుకలే కాదు, బద్ర్‌లో పాల్గొన్న మిస్తహ్ వంటి వారి నాలుక కూడా జారింది. సూరహ్ నూర్ దిగి ఆమె పవిత్రతను చాటింది. ఆ మాటలను నోటినుండి నోటికి అందించిన వారిని అల్లాహ్ తీవ్రంగా మందలించాడు. కనబడకుండా పోయిన స్త్రీ గురించి వచ్చిన మొదటి మాట మంచి తలంపుతో ఉండాలని అక్కడే నేర్పబడింది.

ఆలస్యం ఏం చేస్తుందో హాజీపూర్ చెబుతుంది. యాదాద్రి భువనగిరి జిల్లా బొమ్మలరామారం మండలంలోని ఆ గ్రామంలో 2019 ఏప్రిల్‌లో ఒక బాలిక కోసం వెదికితే బావిలో ఆమె మృతదేహం దొరికింది. ఆ దర్యాప్తులోనే అంతకుముందు అదృశ్యమైన మరో ఇద్దరు ఆడపిల్లల అవశేషాలూ బయటపడ్డాయి. వారిలో ఒకరు కనబడకుండా పోయింది 2015లో. నాలుగేళ్ళు! ఆ నాలుగేళ్ళూ ఆ చిన్నారి ఇంటివారు ఏ మాటలు విని ఉంటారో ఊహించడం కష్టం కాదు.

కనుక ఇంట్లో ఎవరైనా రావలసిన వేళకు రాకపోతే వెంటనే ఠాణాకు వెళ్ళండి. ఇరవై నాలుగు గంటలు ఆగాలన్న నిబంధన ఏదీ లేదు. పరిధి కాదని తిప్పి పంపడానికీ వీలు లేదు. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న కొత్త చట్టం 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఫిర్యాదు తీసుకోవలసిందే. దాన్నే 'జీరో ఎఫ్‌ఐఆర్' అంటున్నారు. రాయడం రానివారికి రాసిపెట్టడానికి, వెంట నడవడానికి మస్జిద్ నుండి ఇద్దరు సిద్ధంగా ఉంటారు. మస్జిద్ గడప తొక్కనివారి కోసం కూడా వారు నడుస్తారు. ఊరూరా వస్తువులు అమ్ముకునేవారు మన వీధులలో కూడా తిరుగుతారు. వారిలో ఒక స్త్రీ సాయంత్రానికి కనబడకపోతే ఆమె ఏ కులం, ఏ మతం అని అడగకుండా వెదకడానికి లేచేవారు మన యువకులలో ఉండాలి.

తప్పు చేసినవాడు మన ఇంటివాడైతే అతణ్ణి దాచకండి. తప్పు చేసినవాడి కులమంతటినీ, మతమంతటినీ శిక్షించే గుంపులోనూ చేరకండి. 2024 సెప్టెంబరులో జైనూరులో ఏం జరిగిందో చూశాము. ఒక గిరిజన స్త్రీపై జరిగిన దాడికి ఒక మనిషి నిందితుడైతే, ఎందరివో దుకాణాలు తగలబడ్డాయి. ఆ దుకాణాలు కోల్పోయినవారి దుఃఖం, ఆ స్త్రీ దుఃఖం, రెండూ మనవే. ఒకదానిని చూపి రెండవదానిని చిన్నది చేయడం తగదు.

ఓ అల్లాహ్! యాఖూబ్ (అలైహిస్సలాం) కళ్ళకు యూసుఫ్‌ను తిరిగి చూపించినవాడవు నీవే. ఈ రాత్రి తలుపు తెరిచి ఉంచి ఎదురుచూస్తున్న ప్రతి తల్లి, ప్రతి తండ్రి, ప్రతి భర్త కళ్ళకు వారి మనిషిని క్షేమంగా తిరిగి చూపించు. సమత పిల్లలకు, దిశ తల్లిదండ్రులకు, హాజీపూర్ తల్లులకు నిబ్బరాన్ని ప్రసాదించు. మేము మౌనం వహించిన ఆ శుక్రవారాన్ని మన్నించు. ఆమీన్.