వ్రేలి స్పర్శ – విద్యుద్వాద్యములు



మన పూర్వులు వాద్యములను నాలుగు తెగలుగ విభజించిరి. తంత్రులు గలవి తతములు. వీణయు తంబురయు ఈ తెగలోనివి. ఊదెడివి సుషిరములు, మురళియు నాగస్వరమును ఇట్టివి. చర్మముతో మూసినవి అవనద్ధములు. మృదంగము, డోలు మొదలగునవి. లోహముతో జేసి కొట్టెడి తాళములవంటివి ఘనములు. భరతముని నాట్యశాస్త్రమున జెప్పిన ఈ విభాగము ఎన్ని శతాబ్దములు గడచినను చెక్కుచెదరలేదు. ఏ దేశపు వాద్యమును దెచ్చి మన ముందుంచినను ఈ నాలుగింట నేదో యొకదానియందు జేరెడిది. నేడు నేను జెప్పబోవు వాద్యములు మాత్రము వీనిలో దేనియందును జేరవు. వానికి తంత్రి లేదు, ఊదుటకు రంధ్రము లేదు, చర్మము లేదు, కంచు లేదు. వానిలోపల నాడునది విద్యుత్తు. అది స్పీకరును జేరి దాని పొరను గదల్చువరకు నాదమే పుట్టదు.

“పంతులుగారు చెప్పునది కీబోర్డు సంగతియే గదా, అది మా భజన మందిరమున నున్నదే” యని మీలో కొందరనుకొనవచ్చును. ఆ సంగతితోనే మొదలిడెదను. పూర్వము హార్మోనియపు పెట్టె యుండిన చోట నేడు అనేక గ్రామములలో కీబోర్డు వచ్చి కూర్చున్నది. ఒక మీట నొక్కిన తబలా మ్రోగును. మఱియొకటి నొక్కిన తాళములు మ్రోగును. ఇంతకాలము మృదంగము వాయించిన కుఱ్ఱవాడు గోడకానుకొని వినుచున్నాడు. దీనిపై పెద్దలలో రెండు పక్షములు పుట్టినవి. దీనిని వీధిలో పాఱవేయుడని యొక పక్షము. కాలము మాఱినది, పిల్లల నేల యాపవలెనని రెండవ పక్షము. ఉభయులును అడుగని ప్రశ్న యొకటి కలదు. ఆ పెట్టెలో నాదము పుట్టునపుడు వాయించువాని వ్రేలి కందులో నెంత భాగమున్నది? నా యుపన్యాసమంతయు ఈ ప్రశ్నను గుఱించియే.

ముందు ఆ పెట్టెలోని రహస్యమును స్థూలముగ దెలిసికొందము. వీణ నొకసారి స్మరింపుడు. తంత్రి కంపించును. కుండ ఆ కంపనమునకు నిండుదనము నిచ్చును. మీటు బలముననుసరించి ధ్వని హెచ్చుగనో తగ్గుగనో పుట్టి క్రమముగ నణగిపోవును. సింథసైజరు అనబడు యంత్రములోను ఈ మూడు పనులే జరుగును. ఒక భాగము విద్యుత్తును సెకనునకు ఇన్ని పర్యాయములని యూగించును. 440 పర్యాయము లూగిన నొక స్వరము, 880 అయిన దాని పై స్థాయి. రెండవ భాగము జల్లెడవంటిది. అందులోని హెచ్చు కంపనములను వడపోసి, కరకుదనమును దీసి, నాదమును మెత్తన జేయును. మూడవ భాగము ధ్వని ఎంతసేపటికి బెరుగవలెనో, ఎట్లణగవలెనో నిర్ణయించును. అమెరికాలో రాబర్టు మూగ్ అను నాయన 1964వ సంవత్సరమున ఈ మూడు భాగములను విద్యుత్పీడనము యొక్క హెచ్చుతగ్గులచేతనే నడిపించు పద్ధతి నేర్పఱచెను. నాటినుండి ఈ యంత్రములు లోకమంతటను వ్యాపించినవి.

నాదమును బుట్టించుట వఱకు బాగుగనే యున్నది. దానిని చేతితో నడిపించుట యెట్లు? ఇచ్చటనే చిక్కు వచ్చినది.

ఈ చిక్కు మనకు క్రొత్తది కాదు. హార్మోనియము యూరపునుండి మన దేశమునకు వచ్చినపుడే పుట్టినది. హార్మోనియము మెట్టు నొక్కిన నాలుక మ్రోగును, వదలిన నాగును. ఒక స్వరమునకును మఱియొక స్వరమునకును నడుమ దారి లేదు. మన సంగీతమన్ననో ఆ దారిలోనే యున్నది. శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున పదునైదు గమకములను జెప్పెను. తోడి రాగమందలి గాంధారమును తీసికొనుడు. అది యొకచోట నిలిచి యుండునది కాదు, ఊగుచు నుండునది. హార్మోనియముపై తోడిని వాయించినచో గాంధారపు స్థానము వినబడును గాని గాంధారము వినబడదు. ఇట్టి కారణములచేత మన రేడియోసంస్థయే 1940వ సంవత్సరమున హార్మోనియమును నిషేధించినది. 1971 వఱకు ఆ నిషేధము సడలలేదు. ముప్పదియొక యేండ్లు! అందలి న్యాయాన్యాయములను నేడు విచారింపను. హార్మోనియముతోనే పద్యము పాడి ప్రాణము పోసిన నాటకసమాజములు మన జిల్లాలలో నెన్ని యున్నవో మీరెఱుగుదురు. కాని నిషేధించినవారు పట్టుకొన్న లోపము మాత్రము నిజమైన లోపమే.

చిత్రమేమనగా, పాశ్చాత్య దేశములలోను కొందఱు ఇదే లోపమును గనిపెట్టి బాధపడిరి. రష్యాలో లెవ్ టెర్మెన్ అను శాస్త్రజ్ఞుడు 1920 ప్రాంతమున నొక వాద్యమును జేసెను. దానిని ముట్టుకొననే యక్కఱలేదు. ఒక లోహపు కడ్డీకి చేయి సమీపింపజేసిన స్వరము పైకి బోవును. రెండవ చేతిని వేఱొక లోహపు చుట్టకు దగ్గఱ చేసిన ధ్వని తగ్గును. మన శరీరమునకు విద్యుత్తును కొంత నిలువజేయు గుణము కలదు, దానినే ఆతడుపయోగించెను. 1922లో లెనినునకు దీనిని వినిపించెను. గాలిలో స్వరమును వెదకుట యెంత కష్టమో ఊహింపుడు! మెట్లు లేవు, తంత్రి లేదు, వ్రేలికి ఆనిక లేదు. క్లారా రాక్‌మోర్ అను నామె, అంతకుముందే ఫిడేలు నేర్చినది గనుక, ఆ చెవితో దీనిని సాధించి ప్రసిద్ధి కెక్కెను. ఫిడేలు చెవి లేని వారి చేతిలో నది నక్కకూత వలె నుండునని నా యభిప్రాయము.

తరువాతివాడు ఫ్రాన్సు దేశపు మార్టెనో. ఈయనను గుఱించి నాలుగు మాటలు హెచ్చుగ జెప్పవలసి యున్నది. ఈయన చెల్లో వాదకుడు, అనగా తంత్రిపై వ్రేలిని జార్చుట యెట్టిదో యెఱిగినవాడు. మొదటి ప్రపంచయుద్ధమున తంతిలేని వార్తల శాఖలో పనిచేసెను. ఈ రెండు విద్యలును గలిసి 1928లో పారిసునందు ఆయన వాద్యము వెలువడినది. కుడిచేతి వ్రేలికి ఉంగరమువంటిది తొడిగి, దానికి గట్టిన దారమును ఇటునటు లాగిన స్వరము జారును. అచ్చముగ మన జారు గమకమే. మెట్లపై వాయింపదలచిన మెట్లును గలవు, కాని యవి ప్రక్కలకు గొంచెము కదలును. కదల్చిన స్వరము కంపించును. ఎడమచేతి క్రింద నొక మీట. దానియడుగున విద్యుత్తును బ్రసరింపజేయు పొడి నింపిన చిన్న తోలుసంచి. మెల్లగ నొక్కిన ధ్వని సన్నము, గట్టిగ నొక్కిన పెద్దది. ధ్వని మొదలగుటయు, పెరుగుటయు, అణగుటయు ఆ యొక్క వ్రేలి వశముననే యుండును. ఫిడేలు కమాను చేయు పని ఈ సంచి చేయుచున్నదన్నమాట. మెస్యాన్ అను స్వరకర్త దీనికై గొప్ప వాద్యబృంద రచన చేసెను; అది 1949 డిసెంబరులో బోస్టను నగరమున మొదట వినిపింపబడినది.

జర్మనీలో ట్రాట్వైను 1930లో చేసిన వాద్యమున మెట్లే లేవు. లోహపు పట్టీపై సాగదీసిన తీగెను ఎచ్చట నొక్కిన నచ్చటి స్వరము పలుకును. కెనడాలో హ్యూ లె కెయిన్ అను భౌతికశాస్త్రజ్ఞుడు 1945, 1948 సంవత్సరముల మధ్య తన తీరిక వేళలయందు మఱియొకటి చేసెను. ఆయన మెట్టు నొక్కినకొలది ధ్వని పెరుగును, ప్రక్కకు ద్రోసిన స్వరము వంగును. ఎడమచేతితో నాదపు వన్నెను మార్చవచ్చును. కొయ్యబల్లపై చేతులతో నిర్మించిన ఆ యంత్రము, తరువాతి ముప్పదియేండ్లలో గొప్ప కర్మాగారములు చేసిన యనేక యంత్రములకంటె వ్రేలి నెక్కువగ గౌరవించినది. కాలిఫోర్నియాలో డాన్ బుక్లా 1960 దశకమున మెట్లను బూర్తిగ దీసివేసి లోహపు రేకులనుంచెను. లైను టెస్టరు తలపై వ్రేలు పెట్టినపుడే అందులోని దీపము వెలుగుట మీరు చూచియుందురు గదా. మన శరీరముగుండ నొకింత విద్యుత్తు ప్రసరించుటచేత నది వెలుగును. శరీరమునకు గల ఇట్టి గుణముల నాధారము చేసికొనియే, వ్రేలు తాకినంతనే ఆ రేకు యంత్రమునకు వార్త బంపును. మెట్లు కనబడినచో వాయించువాడు పాత యలవాటునే పట్టుకొనునని బుక్లా యభిప్రాయము.

ఆ తరువాత వచ్చిన బేరపు యుగమును త్వరగ దాటెదను. మెట్ల కీబోర్డే అమ్ముడుపోయినది గనుక కర్మాగారములు దానినే చేసినవి. జపానులో యమహావారు 1970 దశకమున జేసిన సి.ఎస్. 80 అను యంత్రమున ప్రతి మెట్టును విడివిడిగ నొత్తిడిని గుర్తించెను గాని, దాని బరువు ఇంచుమించు 100 కిలోగ్రాములు. 1983లో అన్ని కర్మాగారముల యంత్రములు నొండొంటితో మాటలాడుటకు మిడి యను సంకేతభాష యేర్పడినది. మెట్టును తట్టిన వేగమును సున్న మొదలు 127 వఱకు గల అంకెలలో నొకదానిచే దెలుపుట దాని రీతి. మంచి యేర్పాటే. కాని యొక లోపము. మూడు వ్రేళ్లతో మూడు స్వరములు పట్టి, అందొకదానికి కంపితము నిచ్చినచో, మూడును గలిసి యూగును. ఒకే కాడికి గట్టిన యెడ్లవలె. ఒక్కొక్క వ్రేలికి వేఱువేఱు మార్గము నిచ్చు పద్ధతి 2018లో గాని అందఱు నంగీకరించిన నియమము కాలేదు.

ఈలోపల అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున నుండిన లిప్పోల్డు హేకెన్ అను నాయన కంటిన్యుయము అను నొక పలకను సిద్ధము చేసెను. చూచుటకు మెత్తని యెఱ్ఱబట్ట పఱచిన పొడవైన బల్లవలె నుండును. మెట్లు లేవు. వ్రేలు కుడియెడమలకు జరిపిన స్వరము జారును. నొక్కిన ధ్వని పెరుగును. ముందు వెనుకలకు నడిపిన నాదపు వన్నె మాఱును. ప్రతి వ్రేలికిని ఈ మూడును వేఱువేఱుగ జరుగును. మన దేశపు సినిమా సంగీతకర్త ఏ. ఆర్. రహమాను ఢిల్లీ-6 అను హిందీ చిత్రమునకు 2009లో కూర్చిన యొక పాటయందు దీనినే వాయించినారు. లండనులో 2013లో వెలువడిన సీబోర్డు అనునది మఱియొక తీరు. మెట్లన్నియు మెత్తని రబ్బరుతో జేయబడి, మెట్టునుండి మెట్టునకు వ్రేలు జారుటకు వీలుగ నుండును.

నా పూర్వశిష్యు డొకడు, నగరమున నుద్యోగము చేయువాడు, ఇట్టి పలక నొకదానిని పండుగకు ఇంటికి దెచ్చెను. మా వీధిలో డెబ్బదియేండ్లు దాటిన వైణికురాలు కలరు. “అమ్మమ్మగారూ, ఒకసారి చూడుడు” అని ఆమె ముందు పెట్టినాడు. ఆమె మొదట నిష్టపడలేదు. పిదప నొక వ్రేలుంచి మాయామాళవగౌళ స్వరములను మెల్లగ బలికించిరి. ఋషభమువద్ద నాగి, వ్రేలి నటునిటు గదల్చి చూచి, “నాయనా, ఇది వినుచున్నదిరా” యనిరి. కొంతసేపైన తరువాత మరల, “కాని వ్రేలికి తీగె తగులుట లేదు. వీణమీద తీగెను లాగినచో అది నన్ను తిరిగి లాగును. ఇది నే నెటు ద్రోసిన నటే పోవుచున్నది” యనిరి. శాస్త్రజ్ఞులు గ్రంథములు వ్రాసి చెప్పిన లోపమును ఆమె ఒక్క నిమిషములో జెప్పినారు. తంత్రి ఎదురు తిరుగుట వలననే వ్రేలికి శిక్షణ గలుగును. ఈ పలకపై శిక్షణ యంతయు చెవికే వదలబడినది. చెవి సిద్ధము గానివాడు దీనిపై వాయించిన ప్రతి స్వరము నపస్వరమే యగును. హార్మోనియమైనచో కనీసము స్వరస్థానమున గొంత రక్షణ యుండెడిది.

విదేశపు వాద్యమను మాట నొక్కటి తీసివేసి మాటలాడుదము. ఫిడేలు విదేశముననుండి వచ్చినదే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని నేర్చి మన సంగీతమునకు దెచ్చెను. ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో నది విజయనగరపు సొత్తైనది. పాలకొల్లులో 1969లో జన్మించిన శ్రీనివాసు, మాండలినుకు విద్యుత్తును జోడించి, 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవమున, బాలుడై యుండగనే కచేరి చేసెను. మాండలినుపై గమకమేమని ముందు నవ్వినవారే పిమ్మట విన్నారు. ఈ వాద్యములన్నియు మనవైనది, వానియందు వ్రేలు జారుటకు దారి యుండుటచేత. హార్మోనియము నేటికిని సగము పరాయిగ నుండుట, ఆ దారి లేకపోవుట చేతనే.

కావున మీ భజన సమాజము సొమ్ముతో యంత్రము కొనవలెనా యను ప్రశ్న వచ్చినపుడు, దానిలో నెన్ని వందల ధ్వనులు గలవని యడుగకుడు. అమ్మువాడు మొదట జెప్పునది అదియే. మెట్టు నొక్కి పట్టి, వ్రేలిని ద్రోసిన స్వరము కదలునా యని యడుగుడు. గట్టిగ నొక్కిన ధ్వని పెరుగునా యని చూడుడు. దీనికి ప్రత్యేకమైన పలకలు ధరలో హెచ్చు. గ్రామ సమాజమునకు దొరకునవి సాధారణ కీబోర్డులే, వానికి ప్రక్కన నొక చక్రము మాత్రముండును. ఆ చక్రము త్రిప్పి స్వరమును వంచవచ్చును గాని, అది ఎడమచేతి పని. కుడిచేతి వ్రేలికి తెలియకుండ జరుగును. తోడి గాంధారము దానితో రాదు.

ఇక తబలా మ్రోగించు ఆ మీట మాట. యంత్రమున దానికి తావున్నది, ఒంటరిగ సాధన చేయువానికి తాళము తప్పకుండ నుండుటకు. భజనయందు మాత్రము దానిని ఆపివేయింపుడు. భక్తులు భావమున లీనమై కాలము నొక్కింత సాగదీసినపుడు మృదంగము వాయించు కుఱ్ఱవాడు వారి ముఖము చూచి తానును సాగును. ఆ మీట చూడదు. మీ మందిరమున గోడకానుకొని యున్న ఆ కుఱ్ఱవానిని ఈ శనివారమే పిలిచి ముందు కూర్చుండబెట్టుడు. మృదంగపు మూతలు బిగించి, రవ్వ వేయించుటకగు ఖర్చు కీబోర్డు ధరలో మిక్కిలి స్వల్ప భాగమే.